పేరు అడిగి రాని దేశం

“నువ్వు నన్ను కన్నతల్లివేనా అమ్మా? కన్నతల్లివే అయితే... నేనెవరో తెల్వదని ఎట్ల చెప్పినవే!”

గుమ్మంలో అడుగు పెడుతూనే నవీన అన్న మాట అది! పొద్దున్నే జగదల్‌పూర్‌లో బస్సెక్కి, బీజాపూర్‌లో దిగి, అక్కడి నుంచి మర్నాటి సంతకు సరుకు తీసుకుపోయే జీపులో మిర్చి బస్తాల మీద కూర్చుని వచ్చిన పిల్ల... భుజాన సంచి దించలేదు, కాళ్లు కడుక్కోలేదు, గుక్కెడు మంచినీళ్లు అడగలేదు. ఎర్రదుమ్ము పట్టిన ఆ ముఖం మీద కన్నీళ్లు చారలు కట్టి ఉన్నాయి. వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తున్న సోమక్క చేతిలో చేట చేతిలోనే ఆగిపోయింది. సెలవు దొరికిందని ముందు రోజు కబురన్నా పెట్టకుండా బిడ్డ ఇట్లా ఊడిపడటమేమిటి? వచ్చీరాగానే ఆ మాటేమిటి?

“ఏంది బిడ్డా... ఏమైందే? ఎవరన్నరు ఆ మాట?”

“పోలీసు రిపోర్టు అన్నది! ఈ ఊళ్లో నవీన అనే మనిషే లేదని రాసి పంపిండ్రు. ఇంటికొచ్చి అడిగితే ఇంట్లో ఉన్న ఆడమనిషే లేదన్నదంట. పక్కింట్ల అడిగితే వాళ్లూ లేదన్నరంట. ఇగ నాకు సర్టిఫికెట్ ఎవరిస్తరు? అది లేంది వీసా ఎవరిస్తరు? జర్మనీ జర్మనీ అని ఇన్నేండ్లు ఏడ్చి ఏడ్చి చదివితే... పుట్టిన ఊళ్లోనే నేను లేకుండా పోయిన గదమ్మా!”

చేట జారి కింద పడింది. ఇప్పపువ్వు కాళ్ల మీద చెదిరింది. సోమక్కకు అప్పుడు గుర్తొచ్చింది... ఆ మోటారు సైకిల్, ఆ కుర్రాడు!

ఎండ నడినెత్తిన ఉన్న వేళ వచ్చాడు వాడు. ఒంటి మీద పోలీసు బట్టల్లేవు. జీన్స్ ప్యాంటు, గళ్ల చొక్కా. బండి ఆపి, వచ్చీరాని తెలుగులో, “అమ్మా, నవీనా ఘర్ ఇదేనా? నవీనా ఇక్కడ ఉంటాడా?” అని నవ్వు ముఖంతోనే అడిగాడు. సోమక్క చింతపండులోంచి గింజలు తీస్తోంది. తల ఎత్తలేదు. ఆలోచించలేదు. ఊపిరి తీసుకున్నంత సులువుగా నోరు దానంతటదే చెప్పేసింది... “తెల్వదు. ఆ పేరు గలోళ్లు ఇక్కడెవ్వరూ లేరు.”

వాడు పక్కింటి బుధ్రిని అడిగాడు. బుధ్రి సోమక్క వైపు ఒక్కసారి చూసింది. అంతే! ఆమెకు సంగతంతా అర్థమైపోయింది. “లేదు బాబూ, మేమెప్పుడూ ఇనలేదు” అంది. నవీనకు ఊగే తొట్టి కట్టినప్పుడు పక్కనుండి పాట పాడిన బుధ్రి! ఆ పక్కిల్లు, ఆ పై ఇల్లు, బావి దగ్గరి ఆడవాళ్లు... ఊరు ఊరంతా ఒక్కటై నవీనను దాచేసింది. వాడి బండి మలుపు తిరిగి కనుమరుగయ్యాక బుధ్రి వచ్చి, “మంచిగ చెప్పినమా అక్కా?” అని అడిగింది. “సల్లగుండు చెల్లే” అని సోమక్క ఆమె చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది కూడాను!

పట్నాల్లో ఉన్నవాళ్లకు ఈ సంగతి విడ్డూరంగా ఉంటుంది. ఇంటికొచ్చి కూతురి పేరు అడిగితే ఉందని చెప్పడానికి ఏం రోగమని అనుకుంటారు. కానీ ఆ ఇంట్లో, గడప పక్కన నులక మంచం మీద ఒక ముసలాయన కూర్చుని ఉంటాడు చూశారూ... సోమక్క మామ. ఆయన్ను చూస్తే తెలుస్తుంది.

సోమక్క కాపురానికొచ్చిన కొత్తలో, మరిది సతీష్ ఇంకా మీసాలు నూనూగుగా వస్తున్న పిల్లాడు. వదినె చేతి గంజి తాగి పొలానికి పోయేవాడు. ఒకనాడు ఎవరో వచ్చారు. పోలీసులో, అడవిలోని అన్నలో, ఎటువైపు వాళ్లో, ఏ బట్టల్లో ఉన్నారో ఈ రోజు దాకా ఒకరు చెప్పింది మరొకరు ఒప్పుకోరు. “సతీష్ ఇల్లు ఇదేనా?” అన్నారు. ముసలాయనకు లోకం తెలియదు. ఇంటికొచ్చిన వాళ్లకు మంచమేసి, నీళ్లిచ్చి, “ఉన్నడయ్యా, చేన్ల ఉన్నడు. ఉండుండ్రి పిలుస్తా” అని తనే గట్టెక్కి, నోటి చుట్టూ చేతులు పెట్టి, “ఒరే సతీషూ... రారా కొడుకా!” అని కేకేశాడు. పిల్లాడు చేతి మట్టి దులుపుకుంటూ నవ్వుతూ వచ్చాడు. వాళ్ల వెంట వెళ్లాడు. మళ్లీ రాలేదు.

ఆ రోజు నుంచి ముసలాయన ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. కొడుకును “ఓయ్” అంటాడు, కోడలిని “ఇదిగో” అంటాడు, అల్లారుముద్దు మనవరాలినైనా చేత్తో సైగ చేసి పిలుస్తాడు. ఊళ్లో ఆడవాళ్లు పిల్లలకు మాటలు నేర్పేటప్పుడు అమ్మ, నాయన తర్వాత నేర్పే మాట “తెల్వదు”. ఎవరొచ్చినా తెల్వదు. ఎవరి పేరడిగినా తెల్వదు. అది అబద్ధమని ఎవరూ అనుకోరు. ఇంటికి తలుపున్నట్టే నోటికి ఆ మాట!

సాయంత్రానికి సోమక్క మొగుడు భూషణం ఇంటికొచ్చాడు. సంగతి విన్నాడు. కండువా నేలకేసి కొట్టాడు.

“నా పాలిట శనివి గదనే నువ్వు! ఎవరొచ్చినా తెల్వదు, ఏమడిగినా తెల్వదు! నోట్లె నాలుకున్నదా, చెప్పు ముక్క ఉన్నదా? బిడ్డ బతుకు మీద మన్ను పోసినవ్ గద!”

సోమక్క స్తంభానికి ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. తను చేసింది తప్పే... తన చేతులతో తనే బిడ్డ నోటి దగ్గరి ముద్ద లాగేసింది!

“పోలీసాయన వస్తడని సదువుకున్న పిల్ల ముందే చెప్పిందాయె, ఇంట్ల ఉండే ఆడదానికి ఆ మాత్రం తెలివి...” అని భూషణం ఊపు మీద అనేసి, నాలుక కరుచుకున్నాడు.

నవీన కళ్లు తుడుచుకుని తండ్రి వైపు తిరిగింది. “నాయనా... నేను చెప్పింది నీకు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి నువ్వు ఫోన్ చేసినప్పుడు చెప్పిన. ‘మా హాస్టల్ ఎత్తేసిండ్రు, అందుకే ఊరి అడ్రసే రాసిన, అడగనీకి మనిషొస్తడు, అమ్మకు చెప్పు, తాతకు చెప్పు, బుధ్రత్తకు చెప్పు’ అని ఒకటికి రెండుసార్లు చెప్పిన. అమ్మకు చెప్పినవా?”

భూషణం మెడ వంగింది. “అంటే... వాడొచ్చినప్పుడు నేనే ఉంట గద, ఆడోళ్లతోని ఏం పని అనుకున్న...”

“ఆ దినం ఏడున్నవ్ మరి?”

ఏం చెబుతాడు పాపం! ఆ రోజు ఆయన సంతలో, కోడిపందెం బరి చుట్టూ చేరిన మగవాళ్లలో ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు. మంచం మీది ముసలాయన కొడుకు వైపు ఒకసారి చూసి ముఖం అటు తిప్పుకున్నాడు. ఇంకొక ఆడదైతే అప్పుడు నోరు విప్పేదే. ఇన్నాళ్ల కాపురంలో మింగినవన్నీ ఒక్కసారిగా కక్కేసేది. సోమక్క మాత్రం కింద పడిన కండువా తీసి దులిపి, దండెం మీద వేసింది. “తిట్టుకుంటే ఏమొస్తది... బిడ్డ అన్నం తినలే” అంది. ఆ మాటకు నవీన గుండె ఇంకా పగిలిపోయింది!

నిజానికి జర్మనీ ఎక్కడుందో సోమక్కకు తెలియదు. అక్కడి ఆస్పత్రిలో ముసలివాళ్లను చూసుకునే నర్సు పని ఖాయమైందనీ, వీసా ఒక్కటే మిగిలిందనీ నవీన చెబితే విన్నది. ఆ భాష కోసం పిల్ల ఎంత కష్టపడిందో మాత్రం కళ్లారా చూసింది. జగదల్‌పూర్ ఆస్పత్రిలో డ్యూటీ దిగి, నిద్రకళ్లతో ఫోన్ ముందు కూర్చుని నేర్చుకునేదట. సెలవుకు ఇంటికొచ్చినా ఇప్పచెట్టు కింద పువ్వు ఏరుతూ ఆ గరగర మాటలే గొణిగేది. “నీ పిల్లకేదో సోకిందక్కా, వడ్డె పూజారిని పిలిచి మంత్రం ఏయించు” అని బుధ్రి పడీ పడీ నవ్వేది.

అందరూ ఆడపిల్లను అంత దూరం పంపుతావా అంటే సోమక్క ఒక్కటే అడిగింది నవీనను. “బిడ్డా, ఆ దేశంల ఎవరన్నా ఇంటికొచ్చి పేరు అడుగుతరా?”

“ఎవరడుగుతరమ్మా! అక్కడ చుట్టాలు రావాలన్నా ముందు ఫోన్ చేసి అడిగి వస్తరంట.”

“అట్లయితే పో. ఎవరేమన్నా పో. అదే మంచి దేశం.”

పేరు అడిగి రాని దేశానికి బిడ్డను పంపాలనుకుంది ఆ తల్లి... ఆ దేశం పోవాలంటే ముందు ఎవరో ఒకరు ఇంటికొచ్చి పేరు అడుగుతారని ఆమెకు ఎవరు చెప్పారు?

ముంబైలో వీసా వాళ్లు ఇచ్చిన తారీఖు వచ్చే గురువారం. అప్పటికి పోలీసు సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. లేకపోతే ఆ తారీఖు పోతుంది, నవీనతో పాటు ఎంపికైన పిల్లలు వెళ్లిపోతారు. మళ్లీ ఎప్పుడో, అసలు ఉంటుందో లేదో ఎవరూ చెప్పరు. జగదల్‌పూర్‌లో ఎవరిని అడిగినా ఒకటే అన్నారట. ఇంటివాళ్లు ఠాణాకు పోయి, లేదని చెప్పిన నోటితోనే ఉందని చెప్పాలి. అప్పుడు మళ్లీ మనిషిని పంపుతారు.

“నేను పోత” అంది సోమక్క.

“నీకు మతి ఉన్నదా!” భూషణం లేచాడు. “ఠాణా మెట్లు ఎక్కుతవా? రేపు ఇంకొకరొస్తరు... ఎందుకు పోయినవ్, ఎవరి పేరు చెప్పినవ్ అని అడుగనీకి! అప్పుడేం చెప్తవ్?”

నవీన కూడా తల అడ్డంగా ఊపింది. “వద్దమ్మా. ఈ ఊరి సంగతి నాకు తెల్వదా? నా కోసం నువ్వు అక్కడికి పోవద్దు. నా రాత ఇంతే అనుకుంట.” అని గోడవైపు తిరిగి పడుకుంది. వెక్కిళ్లు మాత్రం ఆగలేదు.

మర్నాడు సంత. చింతపండు బుట్ట నెత్తిన పెట్టుకుని, బుధ్రిని తోడు తీసుకుని సోమక్క బయల్దేరింది. బుట్టలో చింతపండు అడుగున నవీన ఫోటో ఉంది, తెల్ల బట్టల్లో, తలకు టోపీతో తీయించుకున్నది. సంత దాటాక బుధ్రి ఆగిపోయింది. “ఇంకా ముందుకు నేను రానక్కా. ఈడనే చింతపండు అమ్ముతున్నట్టు కూసుంట. నువ్వు తిరిగి రాకపోతే ఊళ్లె చెప్త.” అన్నది. సోమక్క ఫోటో కొంగు చాటున పెట్టుకుని, బుట్ట ఆమె ముందు దించింది.

ఠాణా ముందు ముళ్లకంచె, ఇసుక బస్తాలు, తుపాకీ పట్టుకున్న జవాను... ఎవరు తనను చూస్తున్నారో, చూసి ఎవరికి చెబుతారో! అయినా సోమక్క నడిచింది. లోపల బల్ల వెనక కూర్చున్న ఠాణా రాతపని మున్షీ తెలుగు సరిహద్దులోని కోంట వైపు వాడు, తెలుగు వచ్చినవాడే. తల ఎత్తి, “ఏం పనమ్మా? నీ పేరేంది?” అన్నాడు.

“తెల్వదు సార్!”

గదిలో ఉన్న జవాన్లంతా గొల్లుమన్నారు. మున్షీకి కూడా నవ్వాగలేదు. “నీ పేరే నీకు తెల్వదా అమ్మా?” సోమక్క ముఖం పాలిపోయింది. తన నోరే తనను నవ్వులపాలు చేస్తోంది! కళ్లు గట్టిగా మూసుకుంది. కొంగు చాటు నుంచి ఫోటో తీసి బల్ల మీద పెట్టింది.

“సోమక్క సార్ నా పేరు. ఇది నా బిడ్డ. నవీన. నా కడుపుల పుట్టిన బిడ్డ. మా ఇంట్లనే పుట్టింది, మా ఇంట్లనే పెరిగింది. లేదన్నది నేనే సార్...”

“ఉన్న బిడ్డను లేదని ఎందుకన్నవమ్మా మరి?”

ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం! “సారూ... ఒకనాడు మా మరిదిని అడుగుతే ఉన్నడని చెప్పినం. తీస్కపోయిండ్రు. ఇప్పుడు బిడ్డను అడుగుతే లేదని చెప్పిన. దాన్ని పోనిస్తలేరు. ఉన్నదంటే ఒక తిప్పలు, లేదంటే ఒక తిప్పలు... మేమేం చెప్పాలెనో మీరే నేర్పుండ్రి సారూ! అదే చెప్త!”

ఎవరూ నవ్వలేదు. మున్షీ ఫోటోను తన వైపు తిప్పుకున్నాడు. తర్వాత ఆమె చెప్పింది రాసుకుని, వేలిముద్ర వేయించుకుని, మెల్లగా అన్నాడు. “మళ్ల మనిషిని పంపుతమమ్మా. కాని ఇంటికొచ్చే కానిస్టేబుల్ దంతెవాడలో ఫాగున్ జాతర బందోబస్తుకు పోయిండు. జాతర అయినంక వస్తడు. నా చేతిలో ఇంతకన్న లేదు.”

గురువారం లోపల పంపమని సోమక్క చేతులు జోడించింది. కాళ్లు పట్టుకోబోయింది. ఆయన లేచి వెనక్కి జరిగాడు. ఊరూరి నుంచి జాతరకు మోసుకొచ్చిన దేవతలందరూ తిరిగి వాళ్ల ఊళ్లకు వెళ్లేదాకా ఆ కుర్రాడు కదలడానికి లేదు. ఆ దంతేశ్వరి తల్లినే వేడుకుంది సోమక్క... తల్లీ, నీ జాతర కొంచెం ముందే ముగించుకోలేవా!

ఇంటికొచ్చి ఎక్కడికి పోయిందో చెబితే భూషణం చెయ్యెత్తాడు. నవీన అడ్డం వచ్చింది. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగి, ఆయన నెత్తి మీదే పడింది. కూలబడి ఏడ్చాడు భూషణం! “నేను పోవలసింది... మగోన్ని నేను పోవలసింది...” అని.

గురువారం రానే వచ్చింది. మోటారు సైకిల్ మాత్రం రాలేదు. నవీన గుట్ట ఎక్కి, ఫోన్ చెవికి పెట్టుకుని హిందీలో ఎవరెవరినో బతిమాలుతోంది. సోమక్క గుట్ట కింద నిలబడి, మాటలు వినపడకపోయినా, బిడ్డ భుజాలు ఎప్పుడు వంగిపోతాయా అని చూస్తోంది. వంగిపోయాయి. పిల్ల దిగి వచ్చింది. ముఖంలో ఏడుపు కూడా లేదు.

“ఏమన్నరు బిడ్డా?”

“ఏమనలేదమ్మా. నా జాగల వేరే పిల్ల పోతున్నదంట. మళ్ల ఉంటే పిలుస్తమన్నరు.”

ఇద్దరూ అక్కడి రాళ్ల మీదే కూర్చున్నారు. ఎదురుగా ఊరు, పొలాలు, రాలిన ఇప్పపువ్వు వాసన... ఏం చేయగలరు? ఎవరి మీద కోప్పడగలరు? తండ్రి మీదా? పోలీసు కుర్రాడి మీదా? దాచిన ఊరి మీదా? కాసేపటికి నవీన తల్లి ఒడిలో తల పెట్టింది. “అమ్మా... కన్నతల్లివేనా అన్న నిన్ను. ఆ మాట...”

సోమక్క ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. “నువ్వన్నది తప్పు కాదు బిడ్డా. నిన్ను దాచుకునుడొక్కటే వచ్చు నాకు. ఎట్ల సాగనంపాలెనో ఎవ్వరూ నేర్పలే...”

“నా కోసం ఠాణా గడప ఎక్కినవ్ గదమ్మా నువ్వు! నేను జర్మనీ పోయినా ఇంత దూరం పోయేదాన్ని కాదు!” అని తల్లి నడుం చుట్టుకుని బావురుమంది నవీన. అప్పుడొచ్చింది ఏడుపు, ఇద్దరికీ!

జాతర ముగిశాక వచ్చాడు ఆ కుర్రాడు. అదే గళ్ల చొక్కా, అదే బండి. ఈసారి భూషణం ఎక్కడికీ పోలేదు, వాకిట్లోనే ఉన్నాడు. బుధ్రి వచ్చింది, బావి దగ్గరి ఆడవాళ్లు వచ్చారు. “నవీన ఇక్కడ ఉంటాడా?” అని కుర్రాడు అడిగితే, అందరూ సోమక్క ముఖం చూశారు. ఆమె తల ఊపింది. “ఉంటది” అంది బుధ్రి. “ఉంటది, ఉంటది” అన్నారు ఒకరి వెనక ఒకరు, ఇన్నేళ్లుగా నోట్లో తుప్పు పట్టిపోయిన మాటను గుంజి బయటికి తీస్తున్నట్టు.

“అమ్మాయిని పిలవండి. ముఖం చూడాలి” అన్నాడు కుర్రాడు.

నవీన పెరట్లో ఉంది. పిలవాలి... అంతే! ఒక్క కేక! కానీ సోమక్క పెరటి వైపు రెండడుగులేసి ఆగిపోయింది. ఇంటి ముందు పరాయివాడు నిలబడి ఉండగా బిడ్డను పేరు పెట్టి బయటికి పిలవడమా! భూషణం పెదాలు కదిలాయి, మాట రాలేదు.

నులక మంచం కిర్రుమంది. ముసలాయన లేచాడు. గోడకు ఆనుకుని, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకున్నాడు.

“నవీనా...! రా బిడ్డా...!”

ఊరంతా బిత్తరపోయింది. సోమక్క రెండు చేతులతో ముఖం కప్పుకుంది. తడి చేతులు ఓణీకి తుడుచుకుంటూ నవీన బయటికి వచ్చింది. కుర్రాడు ఫోటో చూశాడు, ఆమెను చూశాడు, సంతకం పెట్టించుకున్నాడు. ఇంకేం లేదు. సోమక్క ఇచ్చిన నీళ్లు తాగి, చెంబు తిరిగి ఇస్తూ, “రిపోర్ట్ ఠీక్ పంపుతా అమ్మా. అమ్మాయి జర్మనీ ఎప్పుడు పోతాడు?” అని అదే నవ్వు ముఖంతో అడిగాడు.

భూషణం నేల చూపులు చూశాడు. వాడికేం తెలుసు? వాడి తప్పేముంది?

“మళ్లెప్పుడన్న అడగవలసొస్తే రా బాబూ” అంది సోమక్క. “ఇల్లు ఇదే. గుర్తు పెట్టుకో.”

బండి చప్పుడు మలుపు దాటి, చెట్ల వెనక సన్నబడి, వినపడకుండా పోయేదాకా ముసలాయన అటే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తిరిగి, చెయ్యి చాచి, చీకట్లో తడుముకున్నట్టు మనవరాలి తల తడిమాడు, చెంపలు తడిమాడు, భుజం పట్టుకున్నాడు. ఆ ముడతల ముఖం మీద నమ్మలేని సంతోషం... ఎన్ని ఏళ్ల కిందటో ఎండిపోయిన కళ్లలో నీళ్లు!

“ఉన్నవా బిడ్డా? పిలిచినంక గూడ... ఉన్నవా?”

నవీన తల్లి వైపు చూసింది. ఆ తల్లీకూతుళ్లు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్న ఆ చూపులో, వెళ్లిపోయిన విమానం ఉంది, రాని వీసా ఉంది, తప్పెవరిదో తేలని తప్పు ఉంది. ఆమె తాత చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, కళ్లు తుడుచుకోకుండానే నవ్వింది.

“ఉన్న తాతా... ఈడనే ఉన్న.”